ఓదార్పు మాత్రమే కాదు, ఆదరణ

దళిత క్రైస్తవుల పేటలో ఒక మరణం సంభవిస్తే, భూస్థాపన ముగిసిన కొద్ది రోజులకు ఆ ఇంటి ముందు షామియానా వేసి ‘ఆదరణ కూడిక’ జరుపుతారు. పాటలు పాడతారు, వాక్యం చదువుతారు, వచ్చినవారికి భోజనం పెడతారు. కూలి మానుకుని వచ్చినవాళ్లు ఆ కుటుంబం పక్కన చాపల మీద కూర్చుంటారు. తెలుగు బైబిలు పరిశుద్ధాత్మకు పెట్టిన పేరు కూడా ‘ఆదరణకర్త’. మన భాషలో ఈ మాటకు రెండు అర్థాలున్నాయి. ఒకటి దుఃఖంలో ఉన్నవారిని ఊరడించడం, రెండోది మనిషిని గౌరవంగా చూడడం. ఊరి బావి దగ్గరికి రానివ్వని, పేరు పెట్టి పిలవని మనిషికి ఈ రెండు అర్థాలూ ఒకేసారి అందడమే తెలుగు నేల మీద దళితుల క్రైస్తవ విశ్వాసానికి మూలం.

ఈ విశ్వాసంపై రెండు విమర్శలు తరచుగా వినిపిస్తాయి. అది కష్టాలను మరపించే మత్తుమందని ఒకరంటారు. అది తిండి కోసం జరిగిన బేరమని మరొకరంటారు. రెండింటికీ జవాబు ఒంగోలు చరిత్రలో ఉంది.

అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1866లో ఒంగోలు చేరేనాటికే తాళ్లకొండపాడుకు చెందిన మాదిగ, యెర్రగుంట్ల పేరయ్య, కొత్త విశ్వాసం వైపు అడుగు వేశాడు. తోళ్ల వ్యాపారం చేసే పేరయ్య అంతకుముందే యోగమార్గంలో గురువుల వద్ద శిష్యరికం చేసినవాడు. సత్యాన్వేషణ అతనికి మిషనరీలు నేర్పిన విద్య కాదు. అతను తన భార్యతోనూ బంధువులతోనూ మాట్లాడి, ఊరూరా తిరిగి మాదిగపల్లెలను కదిలించాడు. ఒంగోలులోని పై కులాలవారు మాత్రం మాదిగలను చేర్చుకుంటే తమ పిల్లలను మిషన్ బడికి పంపబోమన్నారు. బడిలో పిల్లలు ఉండాలా, సంఘంలో మాదిగలు ఉండాలా అన్న ప్రశ్నకు మిషన్ మాదిగల పక్షాన నిలిచింది.

కొత్తగా చేరినవారికి పెట్టిన నియమాలు మూడు. ఆదివారం పని చేయకూడదు. చచ్చిన పశువు మాంసం తినకూడదు. విగ్రహాలను కొలవకూడదు. ఇవాళ చదివితే ఇవి మతపరమైన కట్టుబాట్లుగానే కనిపిస్తాయి. కానీ వెట్టి చేసే మనిషి వారంలో ఒక రోజు తనదని చెప్పడం అప్పటి ఊరి వ్యవస్థకు సవాలు. చచ్చిన పశువును ముట్టుకోవడమే నీ పుట్టుకకు రాసిపెట్టిన పని అన్న సమాజంలో, ఆ మాంసం తిననని చెప్పడం ఒక తిరస్కారం. ఊరి జాతరలో డప్పు కొట్టడానికి నిరాకరించడమూ అంతే. అందుకే కరణాలు, ఊరి పెద్దలు బావులు మూయించారు, పనులు మాన్పించారు, కొట్టించారు. మనిషిని మత్తులో ముంచేది విశ్వాసమే అయితే, ఆ శిక్షల అవసరం ఊరికి వచ్చి ఉండేది కాదు.

ఆ తర్వాత 1876-78 మహాక్షామం వచ్చింది. మద్రాసు రాష్ట్రంలో లక్షల మంది ఆకలితోనూ రోగాలతోనూ రాలిపోయారు. ఇంజనీరింగ్ తెలిసిన క్లౌ బకింగ్‌హాం కాలువలో సుమారు మూడున్నర మైళ్ల తవ్వకాన్ని కాంట్రాక్టుకు తీసుకుని, వేలమందికి పనీ కూలీ కల్పించాడు. పనిని నడిపించినవారు మాదిగ బోధకులు. సాయంత్రాలు కాలువగట్టు మీద అలసిన కూలీల మధ్య కూర్చుని మాట్లాడినవారూ వారే. అయితే కరువు సాగిన కాలమంతా, పదిహేను నెలలకు పైగా, క్లౌ ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. గంజి కోసం వచ్చారన్న నింద రాకూడదన్నది అతని ఉద్దేశం. సహాయం ఇక ఉండదని చెప్పిన తర్వాత కూడా జనం తగ్గలేదు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

కరువు లేకపోయినా అంతమంది వచ్చేవారా అని అడగవచ్చు. బహుశా వచ్చేవారు కాదు. కానీ ఆపత్కాలంలో ఎవరు పక్కన నిలిచారో చూసి మనిషి తన దైవాన్ని ఎంచుకోవడం తప్పెలా అవుతుంది? ఆకలి వేళ తలుపు మూసిన ఊరు, తలుపు తెరిచినవారిని నిందించడమే వింత.

ఆ ఆదరణ మళ్లీ అక్కరకు వచ్చింది 1985లో. జులై 17న కారంచేడు మాదిగపల్లెపై దాడి చేసి ఆరుగురిని చంపినప్పుడు, ప్రాణాలతో బయటపడినవారు చీరాల చేరి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. ఆ శిబిరం ఏడుపుల దగ్గర ఆగలేదు. న్యాయం కోసం సాగిన పోరాటానికి అదే కేంద్రమైంది. ఆ ఏడాదే దళిత మహాసభ పుట్టింది. ప్రార్థించినవారే ధర్నాలకూ కూర్చున్నారు. ఓదార్పు పొందిన మనిషి చేతులు ముడుచుకుంటాడన్న సిద్ధాంతం చీరాలలో నిలవలేదు.

ఇంత చెప్పాక చర్చిని నిలదీయకపోతే న్యాయం కాదు. ఒకే ఊళ్లో మాలల చర్చి వేరు, మాదిగల చర్చి వేరు. పై కులాల నుంచి వచ్చిన క్రైస్తవులు పెళ్లి సంబంధాల దగ్గర బైబిలును పక్కనపెట్టి కులాన్నే వెతుకుతారు. దళితుల బలంతో పెరిగిన కథోలిక సంఘంలో ఒక దళితుడు, హైదరాబాదు ఆర్చిబిషప్ పూల ఆంథోని, కార్డినల్ కావడానికి 2022 దాకా పట్టింది. ఇక రోగం వస్తే నీ విశ్వాసం చాలలేదని, అప్పుల్లో కూరుకుపోతే కానుక సరిగా ఇవ్వలేదని చెప్పే ప్రసంగీకులు నేడు తక్కువేమీ కాదు. అది ఆదరణ కాదు. బాధితుడి మీద మరో బరువు పెట్టడం. ఏ బోధ మనిషిని నిలబెడుతోంది, ఏది మోకాళ్ల మీదే ఉంచుతోంది అన్నదే విశ్వాసానికి గీటురాయి కావాలి.

రాజ్యం చేస్తున్న అన్యాయం మరొకటి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను మతంతో ముడిపెట్టింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవ, ముస్లిం దళితులను చేర్చలేదు. రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో మతంతో నిమిత్తం లేని హోదాను సిఫారసు చేసింది. 2022లో జస్టిస్ బాలకృష్ణన్ నేతృత్వంలో మరో కమిషన్ వేశారు. మన దగ్గర క్రైస్తవంలోకి మారిన దళితులు బీసీ-సీ కింద ఒక శాతం రిజర్వేషన్‌కు పరిమితం. క్రైస్తవంలోకి మారిన వ్యక్తి ఎస్సీ, ఎస్టీ అత్యాచార నిరోధక చట్టం కింద రక్షణ కోరలేడని 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పునిచ్చింది. తిట్టేవాడు, కొట్టేవాడు బాప్తిస్మం సర్టిఫికెట్ అడిగి కొట్టడు. రక్షణ కోరినప్పుడు మాత్రం చట్టం దాన్ని అడుగుతుంది.

దీని ఫలితం విద్యార్థి మిత్రులకు బాగా తెలుసు. ఇంట్లో ఒక పేరు, సర్టిఫికెట్‌లో ఒక పేరు. ఆదివారం చర్చికి వెళ్లిన అబ్బాయి సోమవారం తహసీల్దారు కార్యాలయంలో ఆ సంగతి దాచాలి. కష్టంలో తనను నిలబెట్టిన దేవుడి పేరు చెప్పుకుంటే ఎస్సీ హోదా పోతుంది. అంతరాత్మ స్వేచ్ఛను 25వ అధికరణం అందరికీ ఇచ్చింది. దళితుడికి మాత్రం ఆ స్వేచ్ఛకు వెల కట్టారు. మనుషులను అబద్ధమాడేలా చేసి, ఆపై వారిని అబద్ధాలకోరులనడం ఏ నీతి?

కనుక అడగవలసినవి రెండు. ఎస్సీ హోదాకు కొలమానం అంటరానితనం అనుభవించడమే కావాలి, ఆరాధన కాకూడదు. చర్చిలు తమ సమాధి తోటల్లో, కమిటీల్లో, పెళ్లిళ్లలో కులాన్ని వదులుకోవాలి. ఆదరణ కూడికలో చాప మీద పక్కపక్కన కూర్చున్నవారు, లేచి బయటికి వెళ్లాక కూడా పక్కపక్కనే నడవగలగాలి. 1878లో గుండ్లకమ్మలో దిగినవారు కోరుకున్నదీ అదే.