తెల్లకొంగ ఫొటోలో బూడిదరంగుకు ఎందుకు తిరుగుతుంది?

తూర్పు ఢిల్లీలోని మయూర్ విహార్ ఫేజ్-2 సమీపంలోని సంజయ్ సరస్సు వద్ద శీతాకాలపు ఉదయం కెమెరా పట్టే కొత్తవారికి తొలి చిక్కు పొగమంచే. కంటికి తెల్లగా తోచిన దృశ్యం, అందులోని తెల్లకొంగతో సహా, ఫొటోలో బూడిదరంగుకు తిరుగుతుంది. కెమెరాలోని కాంతిమాపకం ఎదుటి దృశ్యం సగటున మధ్యస్థ బూడిదరంగులో ఉంటుందన్న అంచనాతో లెక్క కడుతుంది. పొగమంచు తెలుపును అధిక కాంతిగా భావించి తగ్గిస్తుంది. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను ప్లస్ 1కి జరిపితే చిత్రం రెట్టింపు వెలుగుతో నమోదవుతుంది.

మంచు విడిపోయాక అదే కొంగ నల్లని నీటి మీద వాలితే లెక్క తలకిందులవుతుంది. ముదురు రంగును చూసి కెమెరా కాంతిని పెంచడంతో ఈకలన్నీ ఒకే తెల్లమచ్చగా కలిసిపోతాయి. అక్కడ మైనస్ 1 అవసరం. నీడలో దాగిన వివరాన్ని తరువాత కంప్యూటర్‌లో కొంత వెలికితీయవచ్చు గానీ, పూర్తిగా తెల్లబడిన చోట తిరిగి తేవడానికి ఏమీ మిగలదు. కాబట్టి ఖరీదైన లెన్స్ కొనే ముందు హిస్టోగ్రామ్ చదవడం నేర్చుకోవాలి. గ్రాఫు కుడి అంచున కుప్పపడితే ప్రమాదమే. నిజాం ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా దీన్‌దయాళ్ కాలంలో గాజు పలకను రసాయనాల్లో కడిగేదాకా ఈ సంగతి తెలిసేది కాదు.

ఫోన్‌తో తీసేవారు తెరపై కొంగను వేలితో తాకితే చాలా ఫోన్లలో సూర్యుడి గుర్తు కనిపిస్తుంది. దానిని కిందికి జరిపితే చాలు.