పెరటి మోటారు – వైఫై తరంగాలు

సావనీరుకి ఏదైనా సైన్సు వ్యాసం రాసిమ్మని మిత్రులు అడిగినప్పుడు కృష్ణబిలాల గురించి రాద్దామనుకున్నాను. కాని వాటితో నాకు పరిచయం తక్కువ. సంక్రాంతి సెలవుల్లో మూడు రోజులపాటు నన్ను ఏడిపించిన ఒక చిన్న వస్తువు గురించే రాస్తున్నాను. పాఠకులు మన్నించాలి.

మాది రాజమండ్రి దగ్గర పల్లెటూరు. నాన్నగారు పోయాక ఇంట్లో అమ్మ ఒక్కతే ఉంటోంది. నీళ్ల మోటారు స్విచ్చి పెరట్లో, మోటారు గదిలో ఉంది. నిరుడు వానాకాలంలో చీకట్లో మోటారు కట్టెయ్యడానికి వెళ్లి, నాచు మీద జారి పడింది. చెయ్యి విరిగింది. అందుకని ట్యూషన్ల డబ్బుతో 16 ఆంపియర్ల స్మార్ట్ ప్లగ్గు ఒకటి కొన్నాను. మోటారు చిన్నదే, అర హార్స్ పవరు. ఫోనులో నొక్కితే తిరగాలి, మళ్లీ నొక్కితే ఆగాలి.

ప్లగ్గు దీపం మినుకుమినుకుమంటూనే ఉంది. ఫోనులో వైఫై పేరు, పాస్‌వర్డు ఎన్నిసార్లు కొట్టినా కలవలేదు. కొట్టువాడు చెడిపోయిన సరుకు అంటగట్టాడని తిట్టుకున్నాను. మూడో రోజు అమ్మ, "ఎందుకురా ఈ తంటా? నేనే వెళ్లి కట్టేసుకుంటాలే" అంది. ఆ మాటతో నాకు పౌరుషం వచ్చింది.

అసలు సంగతి ఏమిటంటే, ఇప్పటి రౌటర్లు చాలావరకు రెండు బ్యాండ్లలో మాట్లాడతాయి. ఒకటి 2.4 గిగాహెర్ట్జ్, అనగా సెకనుకు 240 కోట్ల కంపనాలు. రెండోది 5 గిగాహెర్ట్జ్, 500 కోట్లు. కాంతివేగాన్ని వీటితో భాగించి చూడండి. మొదటిదాని తరంగదైర్ఘ్యం పన్నెండున్నర సెంటీమీటర్లు, రెండోదానిది ఆరు. పొడుగు తరంగం ఇటుక గోడల్ని మెరుగ్గా దాటుతుంది, దూరం పోతుంది. పొట్టి తరంగాల బ్యాండులో చోటు ఎక్కువ కనుక వేగం ఎక్కువ, కాని రెండు గోడలు దాటేసరికి నీరసిస్తుంది. సినిమా చూసుకోవడానికి 5 మేలు. ప్లగ్గుకి సినిమాతో పనేముంది? "వెయ్యి", "ఆపు" అన్న రెండు ముక్కలు వినబడితే చాలు. పైగా రెండు బ్యాండ్లకీ సర్క్యూట్లు పెడితే ఖర్చు. అందుకే చవక ప్లగ్గులు, బల్బులు చాలావాటికి 2.4 తప్ప వినబడదు. 2014లో వచ్చిన ఈఎస్‌పీ8266 అనే చిన్న చిప్పు ఇలాంటి వస్తువుల్లో విరివిగా వాడారు. దానికీ అంతే.

నాకు బాగా నచ్చిన విషయం ఇంకోటుంది. ప్లగ్గుకి కీబోర్డు లేదు కదా, పాస్‌వర్డు ఎలా చెప్పాలి? ఒక పద్ధతిలో ఫోను ఆ అక్షరాల్ని పాకెట్ల పొడవుల రూపంలో గాలిలోకి వదులుతుంది. పాకెట్ లోపలి సమాచారం రహస్య లిపిలో ఉన్నా దాని పొడవు దాగదు. ప్లగ్గు పక్కింటి పిన్నిగారిలా చెవి ఒగ్గి ఆ పొడవుల్ని లెక్కపెట్టి పాస్‌వర్డు గ్రహిస్తుంది! మా రౌటరు రెండు బ్యాండ్లకీ ఒకే పేరు పెట్టుకుంది. పక్కనే ఉంది కదా అని నా ఫోను 5 మీదికి ఎక్కి కూర్చుంది. ఫోను అక్కడ అరుస్తోంది, ప్లగ్గు ఇక్కడ చెవి పెట్టింది. పాపం, దాని తప్పేముంది?

రౌటరు సెట్టింగుల్లోకి వెళ్లి రెండు బ్యాండ్లకీ వేరువేరు పేర్లు పెట్టాను. భద్రత డబ్ల్యూపీఏ3 మాత్రమే అని ఉంటే పాత ప్లగ్గులు కొన్ని కలవవు కనుక దాన్ని డబ్ల్యూపీఏ2కి మార్చాను. ఫోనుని 2.4కి కలిపి మళ్లీ ప్రయత్నిస్తే అర నిమిషంలో దీపం నిలకడగా వెలిగింది. ఒకసారి కలిశాక ఫోను మళ్లీ 5 మీదికి పోయినా ఫరవాలేదు. రెండూ ఒకే రౌటరు కింద ఉన్నవే. ఫోనుని ఎప్పటికీ 2.4లోనే ఉంచాలని మా హాస్టల్లో కొందరు వాదిస్తారు గాని, అది అపోహ.

నేను హాస్టలుకి తిరిగొచ్చిన రెండో వారం అమ్మ ఫోను చేసింది. మోటారు తిరుగుతుండగా కరెంటు పోయిందట, అర్ధరాత్రి వచ్చిందట. ప్లగ్గు పాత స్థితిని గుర్తుపెట్టుకుని మోటారు దానంతటదే వేసేసింది. తెల్లారేసరికి ట్యాంకు పొంగి పెరడంతా నీళ్లు. కరెంటు తిరిగొస్తే ఆగి ఉండేట్టు అందులోనే ఒక సెట్టింగు ఉంది. అది నేను చూడలేదు. ఫోనులోనే చెప్పి అమ్మచేత పెట్టించాను.