100ఎక్స్ జూమ్ చెప్పే అబద్ధాలు: బ్లూబర్డ్‌ని ఫోన్‌తో తీసి గుర్తుపట్టడం ఎలా?

బ్లూబర్డ్ అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది 2023 జులై దాకా ఫోన్ స్క్రీన్ మీద ఉన్న ట్విట్టర్ పిట్ట. అసలు బ్లూబర్డ్‌లు ఉండేది ఉత్తర అమెరికాలో. మూడు రకాలు: ఈస్టర్న్, వెస్టర్న్, మౌంటెన్. మన పిచ్చుక కంటే కాస్త పెద్దవి, గోరింక కంటే చిన్నవి. బరువు 30 గ్రాములు అటూ ఇటూ, అంటే మీ జేబులో ఉన్న ఫోన్ బరువులో దాదాపు ఏడో వంతు.

ఉద్యోగం కోసం నేను డెన్వర్ దగ్గర ఉంటున్నాను. కొలరాడో వాళ్లకున్న అదృష్టం ఏంటంటే ఈ మూడూ ఒకే రాష్ట్రంలో కనిపిస్తాయి. తూర్పు మైదానాల్లో నదుల వెంట ఈస్టర్న్, పాండెరోసా పైన్ చెట్లున్న కొండవాలుల్లో వెస్టర్న్, ఇంకా పైకి వెళ్తే గడ్డి మైదానాల్లో మౌంటెన్. ఈస్టర్న్ మాత్రం ఇక్కడ తక్కువ, దాని అసలు ఇల్లు దేశం తూర్పు సగం. డల్లాస్ వైపు ఉండే మనవాళ్లకి అయితే పెరట్లోనే దొరుకుతుంది.

ఫోన్ జూమ్‌కి ఇంతకన్నా మంచి పరీక్ష నాకింకా దొరకలేదు. రివ్యూల్లో అందరం చంద్రుణ్ని తీస్తాం, దూరంగా ఉన్న బిల్డింగ్ మీద బోర్డు తీస్తాం. బోర్డు కదలదు, చంద్రుడు ఎప్పుడూ ఒకేలా ఉంటాడు. పిట్ట అలా కాదు. పైగా ఇక్కడ సరైన జవాబు ఒక్కటే ఉంటుంది. గొంతు నీలమా, ఎర్రమట్టి రంగా? ఫోన్ కల్పించి చెబితే అక్కడే దొరికిపోతుంది.

ముందు పిక్సెల్స్ లెక్క

బ్లూబర్డ్ పొడవు సుమారు 18 సెంటీమీటర్లు. అది భయపడకుండా కూర్చునే దూరం 15 మీటర్లు అనుకుందాం. ఫోన్ మెయిన్ కెమెరా 24 ఎంఎం, 12 మెగాపిక్సెల్ అయితే ఆ దూరంలో ఫ్రేమ్ వెడల్పు దాదాపు 22 మీటర్లు. అందులో పిట్ట వాటా 32 పిక్సెల్స్. ఒక ఎమోజీ అంత కూడా కాదు. అదే 5ఎక్స్ పెరిస్కోప్‌తో, అంటే 120 ఎంఎం దగ్గర, 160 పిక్సెల్స్ వస్తాయి. టెలిఫోటో సెన్సర్ 50 మెగాపిక్సెల్స్‌దై, పూర్తి రిజల్యూషన్‌లో తీస్తే కాగితం మీద 320. పాత ఏపీఎస్-సీ డీఎస్ఎల్ఆర్‌కి 300 ఎంఎం లెన్స్ పెడితే 900 దాకా వెళ్తుంది.

చూడ్డానికి 160 తక్కువే. వాల్‌పేపర్‌కి పనికిరాదు. కానీ పిట్ట ఏదో తేల్చడానికి బాగానే సరిపోతుంది, ఆ 160 పిక్సెల్స్ నిజమైనవి అయితే. ఈ ఆర్టికల్‌లో నేను చెప్పాలనుకున్నదంతా ఆ "అయితే" దగ్గరే ఉంది.

దేన్ని చూడాలి?

మగ పిట్టలైతే ఈజీ. మౌంటెన్ ఒళ్లంతా ఆకాశం రంగు, పొట్ట కింద తెల్లబడుతుంది, ఎర్రమట్టి రంగు ఎక్కడా ఉండదు. ఈస్టర్న్, వెస్టర్న్ రెండిటికీ పైన నీలం, రొమ్ము మీద ఎర్రమట్టి రంగు. తేడా గొంతులో ఉంది. ఈస్టర్న్‌కి ఆ ఎరుపు గొంతు దాకా పాకుతుంది, పొట్ట తెల్లగా ఉంటుంది. వెస్టర్న్‌కి గొంతు నీలంగానే ఉండి, పొట్ట బూడిద రంగులోకి దిగుతుంది. చాలా వెస్టర్న్ మగవాటికి భుజాల దగ్గర, వీపు మీద కూడా ఎర్రని మచ్చ ఉంటుంది. కాబట్టి వెనక నుంచి వచ్చిన ఫోటో అని డిలీట్ చేయకండి.

అసలు తలనొప్పి ఆడవాటితో. మూడూ వెలిసిపోయిన బట్టల్లా ఉంటాయి. రెక్కల్లో, తోకలో కాస్త నీలం, మిగతాదంతా బూడిద, గోధుమ రంగులు. ఈస్టర్న్ ఆడదానికి రొమ్ముతో పాటు పక్కటెముకల వైపు కూడా లేత నారింజ రంగు కనిపిస్తుంది. మౌంటెన్ ఆడదానికి, ముఖ్యంగా కొత్త ఈకలు వచ్చే శరదృతువులో, రొమ్ము మీద లేత నారింజ రావచ్చు, కానీ పక్కలు బూడిదగానే ఉంటాయి. ముక్కు సన్నం, రెక్కలు పొడుగు. ఇంకో మంచి గుర్తు నడవడిక. మౌంటెన్ గాల్లో ఒకే చోట రెక్కలాడిస్తూ నిలబడి పురుగుల కోసం చూస్తుంది. ఈస్టర్న్ ఎక్కువగా తీగ మీదో కంచె మీదో కూర్చుని కిందికి దూకుతుంది. అందుకే ఫోటోతో పాటు పది సెకన్ల వీడియో కూడా తీయమంటాను.

బ్లూబర్డ్ కానివి కూడా ఉన్నాయి. ఇండిగో బంటింగ్ ఒళ్లంతా ముదురు నీలం, లజూలీ బంటింగ్‌కి నీలంతో పాటు నారింజ రొమ్ము. రెండిటికీ గింజలు కొరికే లావాటి త్రికోణపు ముక్కు ఉంటుంది. లజూలీకి రెక్క మీద తెల్ల పట్టీ కూడా. బ్లూ జే అయితే సైజులోనే తెలిసిపోతుంది, తల మీద జుట్టు ముడి వేరే.

100ఎక్స్ చేసిన పని

గతేడాది సెప్టెంబర్ చివర్లో సౌత్ పార్క్ వెళ్లాం. ఫెయిర్‌ప్లే ఊరి చుట్టూ ఉండే ఎత్తైన గడ్డి నేల, సముద్ర మట్టానికి సుమారు 3,000 మీటర్లు. కంచె తీగల మీద పిట్టలు వరసగా ఉన్నాయి. నాతో వచ్చిన కొలీగ్, నాకన్నా చిన్నవాడు, కొత్త ఫ్లాగ్‌షిప్ కొన్న హుషారులో ఉన్నాడు.

"అన్నా, ఈస్టర్న్ దొరికింది! ఇక్కడ చాలా రేర్ కదా, ఈబర్డ్‌లో పెట్టేయనా?"

స్క్రీన్ చూస్తే నిజంగానే అద్భుతంగా ఉంది. 100ఎక్స్‌లో ఈక ఈక లెక్కపెట్టొచ్చు. గొంతు నుంచి పక్కల దాకా చక్కటి నారింజ.

"ఆగు తమ్ముడూ. ఇదే పిట్టని 5ఎక్స్‌లో రా తీశావా?"

తీశాడు. డీఎన్‌జీ ఫైల్ తెరిస్తే పిట్ట చిన్నగా, నాయిస్‌తో ఉంది. కానీ పక్కలు శుభ్రంగా బూడిద రంగు. రొమ్ము మీద మాత్రమే, టీ మరక అంత లేతగా నారింజ. ఈలోగా ఆ పిట్టే తీగ మీంచి లేచి గాల్లో నిలబడింది. మౌంటెన్ ఆడపిట్ట, సందేహం లేదు.

మరి 100ఎక్స్‌లో ఆ ఈకలు ఎక్కడివి? ఎక్కువ జూమ్‌లో సెన్సర్ దగ్గర డేటా ఉండదు. మిగిలింది మోడల్ తాను నేర్చుకున్న పిట్టల్ని బట్టి ఊహించి గీస్తుంది. దాని మీద "వివిడ్" కలర్ మోడ్ లేత రంగుని ముదురు చేస్తుంది. ఇది ఒక్క కంపెనీ వ్యవహారం కాదు, ఆ ఫోన్ పేరు ఇక్కడ అనవసరం. 2025లో వచ్చిన పిక్సెల్ 10 ప్రో (మావాడి ఫోన్ అది కాదు) 100ఎక్స్ దాకా వెళ్లే జూమ్‌కి జెనరేటివ్ మోడల్ వాడుతుందని గూగుల్ దాచుకోలేదు, ఏఐ వాడిన సంగతి కంటెంట్ క్రెడెన్షియల్స్‌లో రాస్తుంది కూడా. నాకు నచ్చిన పద్ధతి అది. చేస్తే చేశారు, చెప్పండి.

"ఇన్‌స్టాలో పెట్టుకునే ఫోటోకి ఇంత గొడవెందుకు" అంటారా? ఇన్‌స్టాకి ఏమీ ఇబ్బంది లేదు. ఈబర్డ్ వేరు. కార్నెల్ ల్యాబ్, ఆడుబాన్ కలిసి 2002లో మొదలుపెట్టిన డేటాబేస్ అది. ఏ పిట్ట ఎక్కడ, ఏ నెలలో ఉంటుందో చూపించే మ్యాపులు మనలాంటివాళ్లు పెట్టే రికార్డుల నుంచే తయారవుతాయి. అరుదైన ఎంట్రీ కనిపిస్తే సిస్టమ్ ఆపుతుంది, స్థానిక వాలంటీర్ ఒకరు ఫోటో చూసి తేలుస్తారు. ఆయన చేతికి మనం ఇచ్చే సాక్ష్యం ఫోన్ గీసిన బొమ్మ అయితే పాపం ఆయన ఏం తేలుస్తారు?

ఆ నీలం కూడా నమ్మకస్తురాలు కాదు

బ్లూబర్డ్ ఈకలో నీలం రంగు పదార్థం ఉండదు. ఈకలోని కెరటిన్‌లో నానోమీటర్ల సైజు గాలి గదులుంటాయి. వాటి అమరిక నీలం కాంతిని ఎక్కువగా వెనక్కి పంపుతుంది, కింద ఉన్న మెలనిన్ మిగతాదాన్ని మింగేస్తుంది. ఎర్రమట్టి రంగు మాత్రం నిజంగా పిగ్మెంటే. అందుకే వెలుతురు మారితే నీలం మారినంతగా ఎరుపు మారదు. ఎండ మీ వీపు వైపు ఉంటే పిట్ట వెలిగిపోతుంది, ఎదురెండలో అదే పిట్ట బూడిద ముద్ద. మబ్బు పట్టిన రోజు మగపిట్టని ఆడది అనుకునే వాళ్లని చాలామందిని చూశాను. దీని మీద ఆటో వైట్ బ్యాలెన్స్ ఒకటి. ఫ్రేమ్ నిండా ఎండుగడ్డి పసుపు ఉంటే కొన్ని ఫోన్లు చల్లబరచడానికి నీలం కలుపుతాయి, అప్పుడు బూడిద గొంతు నీలంగా కనిపిస్తుంది. ఈస్టర్న్, వెస్టర్న్ తేడా మొత్తం గొంతులోనే ఉందని పైన చెప్పుకున్నాం కదా!

నేను వాడే సెట్టింగ్స్

ప్రో మోడ్, రా ప్లస్ జేపెగ్. వైట్ బ్యాలెన్స్ 5500 కెల్విన్ దగ్గర కదలకుండా పెట్టేస్తాను. సీన్ ఆప్టిమైజర్, వివిడ్ రెండూ ఆఫ్. కూర్చున్న పిట్టకి షటర్ స్పీడ్ 1/500, గాల్లో నిలబడ్డ మౌంటెన్‌కి 1/2000. ఐఎస్ఓ పెరుగుతుంది, పెరగనివ్వండి. నాయిస్ ఉన్న నిజం మనకి పనికొస్తుంది. ఎండలో ఎక్స్‌పోజర్ అర స్టాప్ తగ్గిస్తే నీలం ఛానల్ కాలిపోదు. పిట్ట వెనక ఉత్త ఆకాశమే ఉంటే మాత్రం ఉల్టా, పెంచాలి.

జూమ్‌ని ఆప్టికల్ లెన్స్ దగ్గర ఆపేయండి. 5ఎక్స్ ఉంటే 5ఎక్స్. మిగతాది ఇంటికెళ్లి క్రాప్ చేసుకోవచ్చు. ఇంకో మోసం ఉంది: వెలుతురు తగ్గితే చాలా ఫోన్లు "5ఎక్స్" అని చూపిస్తూనే మెయిన్ కెమెరాని క్రాప్ చేసి ఇస్తాయి. టెలిఫోటో లెన్స్ మీద వేలు పెట్టి చూడండి. స్క్రీన్ నల్లబడకపోతే మీరు వాడుతున్నది అది కాదు. ఫోటో డీటెయిల్స్‌లో ఫోకల్ లెంగ్త్ చూసినా తెలుస్తుంది.

పెరిస్కోప్ లేని ఫోన్ అయితే 8x42 బైనాక్యులర్స్ వెనక, అడాప్టర్‌తో మెయిన్ కెమెరా బిగించండి. 24 ఎంఎంకి ఎనిమిది రెట్లు, అంటే దాదాపు 190 ఎంఎం, అంతా అద్దం ఇచ్చిన జూమే. మూలలు నల్లగా వస్తాయి, గురి కుదరడానికి మొదటి రోజు విసుగొస్తుంది. అయినా నా ఓటు దీనికే.

ఐడీకి కార్నెల్ వాళ్ల మెర్లిన్ యాప్ ఫ్రీ, మన దేశపు పక్షులకీ పనిచేస్తుంది. ఫోటోతో పాటు చోటు, తేదీ కూడా లెక్కలోకి తీసుకుంటుంది కాబట్టి వాట్సాప్‌లో వచ్చిన కాపీ కాకుండా ఒరిజినల్ ఇవ్వండి. వాట్సాప్ ఫోటోని కుదించి ఆ వివరాలు తీసేస్తుంది. యాప్ చెప్పిన పేరు ఒక సలహా అనుకోండి. గొంతు, పక్కలు, ముక్కు మీరే చూసుకోవాలి.

గూడు పెట్టెల దగ్గర కాస్త దూరం

బ్లూబర్డ్‌లు చెట్టు తొర్రల్లో గూడు పెడతాయి, తొర్ర తొలుచుకునే ముక్కు మాత్రం వాటికి లేదు. 19వ శతాబ్దంలో యూరప్ నుంచి తెచ్చి వదిలిన స్టార్లింగ్, హౌస్ స్పారో ఆ తొర్రలు లాక్కోవడంతో వీటి సంఖ్య బాగా పడిపోయింది. అవును, హౌస్ స్పారో అంటే మనం ఊళ్లలో కనబడటం లేదని బాధపడే పిచ్చుకే. ఇక్కడ విలన్. జనం కంచెల వెంట చెక్క పెట్టెలు పెట్టడం మొదలయ్యాక ఈస్టర్న్ తేరుకుంది. ఆ పెట్టె రంధ్రం ఒకటిన్నర అంగుళం, స్టార్లింగ్ పట్టదు, బ్లూబర్డ్ పడుతుంది. పిచ్చుక కూడా పడుతుంది, అదే సమస్య.

పెట్టె దొరికితే ఫోటో తేలిక కదా అని ఎదురుగా నిలబడకండి. మనం ఉన్నంతసేపు తల్లి పురుగుతో తీగ మీదే కూర్చుని ఉంటుంది, పిల్లలు ఆకలితో ఉంటాయి. ఫోన్‌లో కూత వినిపించి పిలవడం కూడా వద్దు. నేషనల్ పార్కుల్లో డ్రోన్ ఎగరేయడం 2014 నుంచి నిషిద్ధం.

కెమెరా కొనాలా అని అడిగేవాళ్లకి: గోడకి ఫ్రేమ్ కట్టించుకోవాలంటే కొనండి, సెకండ్ హ్యాండ్ బాడీ, 70-300 లెన్స్ చాలు. పేరు తేల్చుకోవడానికైతే చేతిలో ఉన్న ఫోన్ చాలు. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు ఇవే సెట్టింగ్స్ పాలపిట్ట మీద ప్రయత్నించండి. దాని నీలం కూడా ఈక నిర్మాణం వల్ల వచ్చేదే, కూర్చున్నప్పుడు దాచుకుని ఎగిరేటప్పుడే చూపిస్తుంది కాబట్టి షటర్ 1/2000 పెట్టుకుని కూర్చోండి. దసరాకి పంజరంలో పెట్టి చూపించే పాలపిట్ట దగ్గర మాత్రం ఫోన్ తీయకండి, డబ్బులూ ఇవ్వకండి. పొలాల వైపు కరెంటు తీగల మీద బోలెడు దొరుకుతాయి.