చక్రాల ఇంటి వెనుక చిన్న కారు

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్ళి వచ్చిన పెద్దవాళ్ళు చెప్పే వింతల్లో మోటారుహోమ్ ఒకటి. వంటిల్లు, పడకలు, స్నానాల గది అన్నీ ఉన్న బస్సంత బండి. నడిపేది జీతం డ్రైవరు కాదు, ఆ ఇంటి యజమానే. అంతకన్నా వింత, దాని వెనుక ఒక చిన్న కారు నాలుగు చక్రాలూ రోడ్డు మీదే ఆనించి, లోపల మనిషన్నవాడు లేకుండా బుద్ధిగా పరుగెత్తుకుంటూ రావడం. పెద్ద బండిని ఒకచోట నిలిపాక పాలకో కూరలకో, కొండమీది సన్నదారిలోకో వెళ్ళడానికి ఆ కారు. దాన్ని అక్కడివాళ్ళు 'డింగీ' అంటారు. ఓడ వెంట ఉండే చిన్న పడవ పేరది. యానాం పాఠకులకు విడమర్చి చెప్పక్కర్లేదు. 'టోడ్' అని ఇంకో ముద్దుపేరు కూడా ఉంది. లాగబడేది అన్న మాటా కప్ప అన్న మాటా ఇంగ్లీషులో ఒకేలా వినిపిస్తాయి, అదీ చమత్కారం.

ఇలా లాగడానికి చాలామంది ఏరికోరి కొనేది చేత్తో గేర్లు మార్చే పాత కార్లనే. 1990 దశకపు సాటర్న్, హోండా సివిక్, జియో మెట్రో వంటివి. ఈ మెట్రో మనకు మరీ పరాయిది కాదు. సుజుకి కల్టస్‌కు అమెరికాలో పెట్టిన పేరది. మన మారుతి 1000 కూడా ఆ ఇంటి బిడ్డే. ఆటోమేటిక్ గేరుబాక్సులో నూనెను తిప్పే పంపు సాధారణంగా ఇంజనుతో నడుస్తుంది. ఇంజను ఆపి లాగితే పంపూ ఆగుతుంది, లోపలి భాగాలు ఎండి మాడిపోతాయి. పాత సాటర్న్ వంటి కొన్ని మినహాయింపులున్నా, మాన్యువల్ కారుకు గిరాకీ అందుకే.

మాన్యువలే కదా, న్యూట్రల్‌లో వేస్తే చాలు అనుకుని గేరుబాక్సు పాడుచేసుకునేవాళ్ళు మాత్రం తక్కువ కాదు. న్యూట్రల్ అంటే ఇంజనుకూ చక్రాలకూ లంకె తెగిందని మాత్రమే అర్థం. గేరుబాక్సులో అంతా నిద్రపోతోందని కాదు. చక్రాలు తిరుగుతున్నంతసేపూ వాటికి తగులుకున్న భాగం తిరుగుతూనే ఉంటుంది. ఆ భాగానికి నూనె అందుతోందా లేదా అన్నదే చూసుకోవాలి.

మాన్యువల్ గేరుబాక్సుల్లో సాధారణంగా పంపు ఉండదు. అడుగున నూనె ఉంటుంది, అందులో మునిగిన పళ్ళచక్రాలు తిరుగుతూ దాన్ని పైకి చిమ్ముతాయి. కవ్వం తిప్పితే మజ్జిగ చుట్టూ చిందినట్టే. ముందు చక్రాలతో నడిచే చిన్న కార్లలో అడుగున ఉండే పెద్ద పళ్ళచక్రం నేరుగా చక్రాలకే బిగించి ఉంటుంది. కనుక ఎవరు లాగినా కవ్వం తిరుగుతుంది, చాలావాటిలో నూనె అందుతుంది.

వెనుక చక్రాలతో నడిచే పాత కార్ల సంగతి వేరు. మన అంబాసిడర్ తరహా అన్నమాట. వీటిలో నూనెలో మునిగి ఉండే కింది షాఫ్టును తిప్పేది ఇంజను. ఇంజను ఆపి, న్యూట్రల్‌లో లాగితే పై షాఫ్టు గిరగిరా తిరుగుతుంది, కింది షాఫ్టు కదలదు. కవ్వం ఆగిపోయింది, మజ్జిగ ఎక్కడ చిందుతుంది? పై బేరింగులు గంటల తరబడి పొడిగా తిరిగి వేడెక్కి అరుగుతాయి. కారులో మనిషి లేడు, మోటారుహోమ్ నడిపే ఆయనకు ఆ మూలుగు వినిపించదు. తెలిసేది వారం తర్వాత, గేరు వేసినప్పుడు.

దీనికి మందు మన లారీ మెకానిక్కులకు తెలిసిందే: ప్రొపెల్లర్ షాఫ్టు విప్పేయడం. వెనుక ఇరుసు దగ్గర విప్పి గట్టిగా పైకి కట్టాలి. గేరుబాక్సు వైపు నుంచి ఊడి వస్తే ఆ కన్నంలోంచి నూనె కారిపోతుంది, దాన్ని మూయాలి. కొన్ని కంపెనీల పుస్తకాలు మధ్యమధ్య ఆగి, న్యూట్రల్‌లోనే కాసేపు ఇంజను నడపమంటాయి; కింది షాఫ్టు తిరిగి నూనె చిమ్ముతుందని. ముందు చక్రాలను ఎత్తి పెట్టే చిన్న బండి, డాలీ, ముందు చక్రాలతో నడిచే కారుకు బాగానే పనికొస్తుంది. వెనుక చక్రాల కారుకు దానివల్ల లాభం లేదు. తిరిగే చక్రాలు నేలమీదే ఉంటాయి కదా! దాన్ని నిండుగా ట్రైలరు మీదికి ఎక్కించాలి. పాత జీపు రాంగ్లర్ పద్ధతి వింటే తిరకాసుగా ఉంటుంది: ట్రాన్స్‌ఫర్ కేసును న్యూట్రల్‌లో పెట్టి, గేరుబాక్సును గేరులోనే ఉంచమంటారు. ఏదైనా ఆ కారు పుస్తకంలో రాసినదే ప్రమాణం. పక్కవాడి అనుభవం పక్కవాడి కారుకే.

గేరులో మరిచిపోతే? చిన్న కారు చక్రం గంటకు 60 మైళ్ళ వేగంలో నిమిషానికి 850 చుట్లకు పైగా తిరుగుతుంది. మొదటి గేరులో ఇంజను దానికి సుమారు 14 రెట్లు తిరగాలి, అంటే 12 వేల చుట్లు. ఆరేడు వేలకు మించి తట్టుకోలేని ఇంజనది. ముక్కలే మిగులుతాయి.

మిగతావి చిన్నవే, కానీ ఖరీదైనవి. తాళం తీసేస్తే స్టీరింగు బిగుసుకుపోయి మలుపుల్లో ముందు టైర్లు ఈడ్చుకుపోతాయి. తాళం ఉంచితే బ్యాటరీ దిగిపోవచ్చు. నాలుగు చక్రాల మీద లాగుతూ రివర్సు చేయకూడదు. ముందు చక్రాలు అడ్డంగా తిరిగి కడ్డీ వంగుతుంది. వెనుక కారుకు వేరే బ్రేకు ఏర్పాటు కావాలి, దాని చట్టం రాష్ట్రానికో రకం.

అక్కడ చదువుకుంటూ సెకండ్ హ్యాండ్ కారు కొనే మన పిల్లలకు ఒక మాట. పాత కార్లలో మైళ్ళ మీటరుకు గేరుబాక్సు నుంచి తీగె ఉండేది, లాగిన మైళ్ళూ లెక్కకొచ్చేవి. ఎలక్ట్రానిక్ మీటర్లలో చాలావరకు అవి రావు. మీటరు తక్కువ చూపించినా, ముందు బంపరు కింద లాగుడు కడ్డీ తగిలించే ఇనుప బిగింపులు, వాటి బోల్టు గుర్తులు కనిపిస్తే చక్రాల బేరింగులు, గేరుబాక్సు మెకానిక్కుకు చూపించాకే బేరమాడాలి.

ఇక లాగేవాళ్ళు మొదటి పాతిక మైళ్ళకే ఒకసారి ఆగి, నాలుగు చక్రాల నడుమ దగ్గరా చెయ్యి పెట్టి చూడండి. ఒకటి మాత్రమే కాలుతుంటే, అక్కడ బ్రేకు పట్టేసిందేమో చూసుకోండి.