కంపెనీ మునిగితే ఓనరు ఇల్లు ఎందుకు మునగదు?

పాలమూరు నుంచి వలస పోయే కూలీకి గుంపు మేస్త్రీ ముందే అడ్వాన్స్ ఇస్తాడు. ఆ కూలీ మధ్యలో చనిపోతే బాకీ భార్య మీదికో, కొడుకు మీదికో వచ్చి పడుతుంది. ఇలా వెట్టితో కట్టించుకునే బాకీ చెల్లదని 1976 వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం చెబుతోంది. అయినా వసూళ్లు ఆగలేదు.

అదే మిర్యాలగూడలో ఒక రైస్‌మిల్లు ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ అనుకుందాం. అది దివాలా తీస్తే అప్పు కంపెనీది. ఓనరు పోగొట్టుకునేది వాటాల్లో పెట్టిన డబ్బే. కంపెనీ వేరు, యజమాని వేరు అని 1896లోనే సాలమన్ కేసులో బ్రిటన్ అత్యున్నత న్యాయస్థానం తేల్చింది. మన కంపెనీల చట్టమూ అదే సూత్రం మీద నడుస్తోంది. మోసం రుజువైతే మాత్రం ఈ రక్షణ పోతుంది.

బ్యాంకులకు ఈ సంగతి బాగా తెలుసు. అందుకే డైరెక్టర్ చేత పర్సనల్ గ్యారంటీ మీద సంతకం పెట్టించుకుంటాయి. అప్పుడు ఇల్లూ పొలమూ లెక్కలోకి వస్తాయి. 2019 డిసెంబర్ 1 నుంచి ఇలాంటి గ్యారంటర్ల మీద దివాలా చట్టం కిందే చర్య తీసుకోవచ్చు. 2021లో లలిత్ కుమార్ జైన్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని సమర్థించింది.

మన పిల్లలు లోన్ తీసుకుని పెట్టే షాపులు, నడిపే టిప్పర్లు చాలావరకు ప్రొప్రయిటర్‌షిప్‌లే. అక్కడ షాపు అప్పంతా మనిషి అప్పే. ఎస్సీ కోటా టెండర్ కోసం ‘నీ పేరు మీద ఫర్మ్ పెడదాం, పని మేం చూసుకుంటాం’ అని ఎవరైనా వస్తే ఇది గుర్తుంచుకోవాలి. లాభం ఎవరి జేబులోకి పోయినా బ్యాంకు నోటీసు వచ్చేది సంతకం పెట్టిన దళిత యువకుడి ఇంటికే.