మూడూళ్ళ మీద ఒక మబ్బు

పొద్దున ఆరున్నరకే ఫోను మోగింది. చింతామణి నుంచి మామ.

"అల్లుడా, నిన్నటి పట్టీలు బాగేపల్లికి పోలేదంట. ఆ నీలం బాణాలు తిరుగుతానే ఉండాయి. మనకు వాన మబ్బు ఎట్లాగూ రాదు, ఈ మబ్బుకు గూడా రోగమా?"

మామది టమోటా మండీ. చింతామణి మార్కెట్లో వేలం, బాగేపల్లిలో హైవే పక్కన లారీలకు సరుకెత్తే షెడ్డు, చిక్కబళ్ళాపురంలో లెక్కలు చూసే ఆడిటరు. మూడు చోట్ల మూడు కంప్యూటర్లు, మూడింటికీ కలిపి క్లౌడులో ఒకే ఫోల్డరు. రైతుకు రాసిన పట్టీ ఇక్కడ సేవ్ చేస్తే అక్కడ కనబడాలి. ఈ ఏర్పాటు చేసిపెట్టింది నేనే. బెంగళూరులో కంప్యూటరు ఉద్యోగమంటే మా బంధువుల లెక్కలో ప్రింటరు మొదలు టీవీ రిమోటు దాకా అన్నీ బాగుచేసేవాడని అర్థం.

మా వైపు ఇంట్లో తెలుగు, కచేరీలో కన్నడ, కంప్యూటర్లో ఇంగ్లీషు. ఫైలును కన్నడ కచేరీల్లో ఇప్పటికీ 'కడత' అంటారు. తెలుగులో అదే కడితం. చింతగింజల జిగురులో బొగ్గుపొడి కలిపి గుడ్డకు పట్టించి, ఎండబెట్టి, మడతలు మడతలుగా పెట్టుకునేవాళ్ళు. నల్లటి గుడ్డ మీద బలపంతో తెల్లగా లెక్కలు రాయడం, పని తీరిపోతే తుడిచేసి మళ్ళీ రాయడం. మామకు సింకు అంటే ఏమిటో చెప్పాల్సి వచ్చినప్పుడు నాకు ఇదే అక్కరకొచ్చింది. మూడూళ్ళలో లెక్కలు రాసే ముగ్గురు శానుభోగులు మూడు కడితాలు పరుచుకుని కూర్చున్నారనుకో మామా, ఒకరు గీసిన గీత మిగతా ఇద్దరి గుడ్డల మీదా దానంతటదే పడుతుంది అన్నాను. ఒకరు తుడిచేస్తే ఇద్దరివీ తుడిచిపెట్టుకుపోతాయని ఆ రోజు చెప్పలేదు. ఆ సంగతికి తర్వాత వస్తాను.

ఫైలు చేరకపోతే చాలామంది మొదట చేసే పని కంప్యూటరు ఆపి మళ్ళీ వేయడం. రెండోది, సింకు ప్రోగ్రాము తీసేసి మళ్ళీ ఎక్కించడం. ఈ రెండోది మహా ప్రమాదం. ఇంకా పైకెక్కని ఫైళ్ళు ఆ ఒక్క కంప్యూటర్లోనే ఉంటాయి, ఆ గందరగోళంలో అవి ఎటు పోతాయో తెలియదు. అందుకే ముందు ఫోన్లో బ్రౌజరు తెరిచి అదే ఫోల్డరు చూడమన్నాను. నిన్నటి పట్టీలు అక్కడా లేవు. అంటే బాగేపల్లి వాళ్ళ తప్పేమీ లేదు, సరుకు చింతామణి గేటే దాటలేదు. ఫైలు వెబ్బులో కనబడితే రోగం తీసుకునేవాడిది, కనబడకపోతే పంపేవాడిది. ఈ ఒక్క పరీక్షతో సగం వెతుకులాట తప్పుతుంది.

ఆదివారం బస్సెక్కి వెళ్ళాను. మండీలో గల్లాపెట్టె పక్కన బల్ల, బల్ల కింద పాత డెస్క్‌టాప్ డబ్బా, దాని మీద టమోటా బాక్సుల దుమ్ము. తెర కింద కుడి మూల చూశాను. 2015 జనవరి 1. గోడ మీది దేవుడి క్యాలెండరుకూ దానికీ పదేళ్ళ తేడా.

"ఇది ఎప్పట్నుంచి ఇట్లుంది?" అని గుమాస్తా పిల్లవాణ్ణి అడిగాను.

"దినామూ ఇంతే అన్నా. పొద్దున వేస్తే పాత తేదీ చూపిస్తుంది. నేను పట్టించుకునేది లేదు, పట్టీ మీద తేదీ చేత్తో కొట్టుకుంటా కదా."

రోగం అదే. ఇంటర్నెట్లో ఏ సర్వరుతో మాట్లాడాలన్నా కంప్యూటరు ముందు దాని ధ్రువపత్రం చూస్తుంది. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా చెల్లుతుందని ఆ పత్రం మీద ఉంటుంది. 2015లో బతుకుతున్న కంప్యూటరుకు ఇవాళ్టి పత్రం ఇంకా పుట్టనే లేదు. అందుకని తలుపు తీయదు. బ్రౌజరైతే ఎర్ర హెచ్చరిక చూపించి మనల్ని అడుగుతుంది. సింకు ప్రోగ్రాముకు అడిగే అలవాటు తక్కువ, మూలన కూర్చుని బాణాలు తిప్పుతూ ఉంటుంది. తేడా పదిహేను గంటలు దాటితే విండోస్ గడియారం సాధారణంగా తనంతట తాను సర్దుకోదు కూడా. నెట్టులో దొరికిన సమయమే తప్పేమోనని అనుమానం దానికి.

డబ్బా విప్పాను. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ళంత బ్యాటరీ. పేరు సీఆర్ 2032. ఆ అంకెల్లోనే దాని కొలతలున్నాయి: 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం. కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపేది ఇదే. ప్లగ్గులో కరెంటు ఉన్నంతసేపూ దీని మీద భారం పడదు. మామ మాత్రం రోజూ మండీ మూసేటప్పుడు మెయిన్ స్విచ్చే ఆపుతాడు. షార్ట్ సర్క్యూట్ భయం. ఆయన భయం ఆయనది. రాత్రంతా గడియారం భారం మోసి మోసి ఆ బిళ్ళ చచ్చింది. గడియారాల కొట్లో కొత్తది తెచ్చి, గోరుతో నొక్కి పెట్టి, తేదీ సరిచేశాను. నిమిషం లోపలే బాణాలు ఆగాయి. నాలుగు రోజుల పట్టీలు వరసగా పైకెక్కాయి.

తెలుగులోనూ కన్నడలోనూ తత్వాలు పాడి, కాలజ్ఞానం చెప్పిన నారేయణ తాతయ్య ఊరు కైవారం ఈ తాలూకాలోనే ఉంది. అంత దగ్గరుండి ఈ డబ్బాకు ఇవాళేం తేదీయో తెలియలేదు.

బాగేపల్లి షెడ్డు కథ చిన్నదే. అక్కడి కుర్రాడు ఫోను హాట్‌స్పాట్‌తో నెట్టు వాడతాడు. దాన్ని లెక్క ప్రకారం వాడే కనెక్షన్ అని గుర్తు పెట్టి ఉంటే వన్‌డ్రైవ్ లాంటివి సింకు ఆపేస్తాయి, డబ్బు మిగల్చడానికి. ల్యాప్‌టాప్ బ్యాటరీ పొదుపులో పడ్డా ఆపుతాయి. సెట్టింగు మార్చాక నడిచింది, రెండు వారాలకు మళ్ళీ ఆగింది. ఈసారి గూగుల్ ఖాతాలో చోటు లేదు. ఉచితంగా ఇచ్చే 15 జీబీలో మెయిలు, ఫొటోలు, డ్రైవు అన్నీ ఇమడాలి. ఆండ్రాయిడ్ ఫోన్లలో వాట్సాప్ బ్యాకప్పు కూడా 2024 నుంచి అందులోకే వచ్చింది. మామ ఫోను అదే ఖాతాకు ముడిపడి ఉంది. బంధువుల శుభోదయాలు, గులాబీ పువ్వులు, పెళ్ళి వీడియోలు టమోటా పట్టీల దారి మూసేశాయి.

నన్ను నిజంగా ఏడిపించింది కైవారం. ఊరు కాదు, ఫోల్డరు.

కైవారం వైపు రైతుల పట్టీలు విడిగా పెట్టే ఫోల్డరది, పేరు తెలుగులో ఉంది. ఒకరోజు ఆడిటరు కంప్యూటర్లో 'కైవారం' పేరుతో రెండు ఫోల్డర్లు కనబడ్డాయి. ఒకే ఫోల్డరులో ఒకే పేరు రెండుసార్లు ఉండకూడదు కదా. అక్షరం అక్షరం పోల్చాను. ఖాళీ లేదు, చుక్క లేదు, తేడా లేదు. రాత్రి పదకొండింటికి అక్షరాల వెనకున్న సంకేతాలు విప్పి చూస్తే తెలిసింది. యూనికోడ్‌లో 'కై' అన్నదాన్ని రెండు రకాలుగా రాయొచ్చు. క పక్కన ఐత్వం ఒక్క గుర్తుగా పెట్టడం ఒకటి. క పక్కన ఎత్వం పెట్టి, దాని కింద ఐత్వం తోకను విడిగా తగిలించడం రెండోది. కంటికి రెండూ ఒకటే, కంప్యూటరుకు మాత్రం వేరు వేరు. తెలుగు గుర్తుల్లో ఈ రెండు దారులున్నది ఐత్వానికి ఒక్కదానికే. కన్నడలో అలాంటివి ఐదున్నాయి. పాత మ్యాక్ కంప్యూటర్లు ఫైలు పేర్లను విడగొట్టి దాచేవి, విండోస్ వచ్చినదాన్ని వచ్చినట్టే ఉంచుతుంది. ఆడిటరు దగ్గర పనిచేసే అమ్మాయి ఇంట్లో అలాంటి పాత మ్యాక్ మీద ఒకసారి ఆ ఫోల్డరు దించి మళ్ళీ ఎక్కించిందట. ఆ అమ్మాయిని ఏమనగలం? తెలుగులో పేరు పెట్టుకోవడం నేరమా?

నేరం కాదుగానీ ఖర్చు ఉంది. క్లౌడు ప్రపంచమంతా వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు, తెలుగులో ఒక్కో గుర్తుకు మూడు కావాలి. అందులోనూ 'క్ష్మి' అంటే ఒక అక్షరం కాదు, ఆరు గుర్తులు. లైనక్స్ యంత్రాల్లో ఒక పేరుకు 255 బైట్లే హద్దు. అంటే మనకు 85 గుర్తులు. 'శ్రీ లక్ష్మీ వేంకటేశ్వర స్వామి వారి దయతో' అని మొదలుపెట్టి ఫైలుకు పేరు పెట్టే మామకు అది ఎటూ చాలదు. విండోస్‌లో ఇంకో హద్దుంది: ఫోల్డరులో ఫోల్డరు, అందులో ఫోల్డరు పెట్టుకుంటూ పోతే మొత్తం దారి పొడవు మామూలుగా 260 గుర్తులు దాటకూడదు. ఫైలు కనిపిస్తూనే ఉంటుంది, తెరుచుకోదు. ఇప్పుడు మండీ ఫోల్డర్ల పేర్లన్నీ పొట్టి ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్నాయి. లోపలి పట్టీలు తెలుగులోనే. ఓడిపోయానని ఒప్పుకుంటున్నాను.

కోలారు నుంచి చిక్కబళ్ళాపురం జిల్లా విడిపోయింది 2007లో. ఆ రోజుల్లోనే అమెరికాలో డ్రూ హ్యూస్టన్ అనే కుర్రాడు బాస్టన్ నుంచి న్యూయార్క్ బస్సెక్కి, పెన్‌డ్రైవు ఇంట్లో మర్చిపోయిన సంగతి దారిలో గ్రహించి, ఆ విసుగుతోనే డ్రాప్‌బాక్స్ రాయడం మొదలుపెట్టాడు. కథ ఆయన చెప్పుకున్నదే. ఆ లెక్కన మన జిల్లా వయసూ ఈ సింకు వ్యాపారం వయసూ ఇంచుమించు ఒకటే. ఇన్నేళ్ళయినా ఇద్దరు ఒకే ఫైలును ఒకేసారి దిద్దితే ఎవరి మాట చెల్లాలన్న తగువు పూర్తిగా తీరలేదు. చింతామణిలో గుమాస్తా కమీషను దిద్దుతాడు, అదే గంటలో చిక్కబళ్ళాపురంలో ఆడిటరు దగ్గర హమాలీ ఖర్చు దిద్దుతారు. సింకు ఇద్దరినీ నొప్పించకుండా రెండు ఫైళ్ళు చేసి, ఒకదాని పేరు చివర ఆ కంప్యూటరు పేరు తగిలిస్తుంది. మన కంప్యూటర్లకు మనమెవరమూ పేరు పెట్టం కాబట్టి డెస్క్‌టాప్ అని, దాని పక్కన అర్థంలేని అక్షరాలు. మామ దాన్ని వైరస్ అనుకుని తొలగించాడు. అందులో నలభై బాక్సుల లెక్క పోయింది. కొత్త రకం ఎక్సెల్ ఫైలైతే ఇద్దరూ కలిసి రాసుకోవచ్చు, మండీ ఖాతా పాత ఎక్స్‌ఎల్‌ఎస్ రకం. దాన్ని కొత్త రకంలోకి మార్చడానికి అర నిమిషం పట్టింది. ఆ అర నిమిషం పని చెప్పడానికి ఏడాది ఆలస్యం చేసినవాణ్ణి నేను.

ఇక తుడిచేసిన సంగతి. డిస్కు నిండిందని హెచ్చరిక వస్తే గుమాస్తా పోయిన ఏడాది ఫోల్డరు మొత్తం డిలీట్ కొట్టాడు. "మబ్బులో ఉంది కదా అన్నా, ఇక్కడెందుకని" అన్నాడు. అలా అనుకోవడంలో వాడి తప్పేమీ లేదు. మేమే వాడికి 'అంతా మబ్బులో ఉంటుంది' అని చెప్పాం. చోటు ఖాళీ చేయాలంటే ఫైలు మీద కుడి క్లిక్ కొట్టి కంప్యూటర్లోని నకలును మాత్రం తీసేయమనాలి. అప్పుడు వన్‌డ్రైవ్‌లో పక్కన నీలం మబ్బు గుర్తు మిగులుతుంది, ఫైలు పైన భద్రంగా ఉంటుంది, నెట్టు లేకపోతే తెరుచుకోదు అంతే. డిలీట్ కొడితే మూడు కడితాలూ ఒకేసారి తుడుచుకుపోతాయి. అదృష్టం, పన్నెండో రోజున తెలిసింది. గూగుల్ డ్రైవ్ చెత్తబుట్టలో 30 రోజులుంటాయి, వన్‌డ్రైవ్‌లో సొంత ఖాతాకు 30, ఆఫీసు ఖాతాకు 93. అన్నీ వెనక్కి తెచ్చుకున్నాం.

అప్పుడు మామకు కొరియా సంగతి చెప్పాను. 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని డేజాన్‌లో ప్రభుత్వ డేటా కేంద్రం తగలబడింది. అక్కడా మొదలు బ్యాటరీ దగ్గరే. ప్రభుత్వోద్యోగులు పని ఫైళ్ళు దాచుకునే జీ-డ్రైవ్, 858 టెరాబైట్లు, మొత్తం బూడిద. మరీ పెద్దది కాబట్టి ఇంకోచోట నకలు పెట్టలేదట. మామ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అంత పెద్ద దేశానికి ఒక బీరువా లేదా?" అన్నాడు. ఆ వారమే ఒక హార్డ్ డిస్కు కొన్నాం. ఆదివారం రాత్రి నకలు తీసి, వైరు పీకి, ఇంటికి తీసుకుపోయి అత్తయ్య బీరువాలో పట్టుచీరల కింద పెడతారు. వైరు పీకడం ముఖ్యం. తగిలించే ఉంచితే వైరస్ వచ్చినప్పుడు అది కూడా పోతుంది.

ఇంతా సర్దుకున్నాక ఒక శుక్రవారం బాగేపల్లి కుర్రాడు ఫోను చేశాడు. 2025 జులైలో నంది కొండ మీద జరిగిన కర్ణాటక మంత్రివర్గ సమావేశం బాగేపల్లికి భాగ్యనగర అని పేరు పెట్టాలని నిర్ణయించింది. ఆ సంగతి ఆలస్యంగా పేపర్లో చూసిన కుర్రాడు ఉత్సాహంగా ఫోల్డరు పేరు కూడా మార్చేశాడు. అదే సమయానికి చింతామణిలో కరెంటు లేదు. కరెంటొచ్చి కంప్యూటరు లేచేసరికి దాని దగ్గర పాత పేరు, పైన కొత్త పేరు. సాయంత్రానికి బాగేపల్లి ఒకటి, భాగ్యనగర ఒకటి, చెరో సగం లారీలు. ఆడిటరు ఎక్సెల్ సూత్రాలన్నీ పాత దారిలో వెతికి ఏమీ దొరక్క తప్పు చూపిస్తున్నాయి. హైదరాబాదులో ఉన్న మా బావకు లెక్క పంపితే, "భాగ్యనగరంలో షెడ్డు ఎప్పుడు పెట్టార్రా, మాకు చెప్పనే లేదు!" అన్నాడు.

మూడు కంప్యూటర్లలోనూ సింకు ఆపించి, రెండు ఫోల్డర్లనూ ఒకటిగా కలిపి, పాత పేరే ఉంచి, ఒకదాని తర్వాత ఒకటి మళ్ళీ కలిపేసరికి రాత్రి తొమ్మిదయింది. మామ ఫోను స్పీకర్లో పెట్టుకుని అంతా విన్నాడు. చివర్లో కుర్రాడితో అంటున్నాడు:

"ముందు బస్సు మీద బోర్డు మారనీరా. దాని తర్వాత మన ఫోల్డరు చూద్దాం."