ఊరొకటే, పలుకులు వేరు: సూరత్ పేరు వెనుక ధ్వనిశాస్త్రం

సూరత్ రైల్వే స్టేషన్‌లో ఊరి పేరు గుజరాతీ, హిందీ, ఇంగ్లిష్ లిపుల్లో కనిపిస్తుంది. గుజరాతీలో మొదటి అక్షరం హ్రస్వం, 'సు'. హిందీలో దీర్ఘం, 'సూ'. పాతనగరంలో తరతరాలుగా ఉంటున్న సూరతీల మాటల్లో అదే పేరు 'హురత్' అవుతుంది. వరంగల్, కరీంనగర్, నల్లగొండ ప్రాంతాల నుంచి మరమగ్గాల పనికి వెళ్లి లింబాయత్ వైపు స్థిరపడిన తెలుగువారి నోట అది 'సూరతు'. పదం చివరి అకారాన్ని స్పష్టంగా పలికే ఒడియావారి నోట మరో రకంగా ముగుస్తుంది.

నగరపాలక సంస్థ పాఠశాలలు గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, తెలుగు, ఇంగ్లిష్ మాధ్యమాల్లో నడిచే ఊరు ఇది. ఇన్ని భాషలవారూ రోజూ తప్పనిసరిగా వాడే మాటలు ఏవైనా ఉన్నాయంటే అవి వీధుల పేర్లు, పేటల పేర్లే. వాటిని ఒక్కొక్కరు ఒక్కోలా పలకడాన్ని చాలామంది 'నోరు తిరగకపోవడం' అనుకుంటారు. నిజానికి ఈ మార్పులు ఇష్టం వచ్చినట్టు జరగవు. ఏ భాషవారు ఏ ధ్వనిని ఎలా మారుస్తారో చాలావరకు ముందే చెప్పవచ్చు.

చెవి పట్టే జల్లెడ

యాస నోటిలో కన్నా ముందు చెవిలో మొదలవుతుంది. కెనడా పరిశోధకులు జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ 1984లో ప్రచురించిన అధ్యయనం దీన్ని చూపింది. హిందీలోని 'త', 'ట' ధ్వనుల తేడాను ఇంగ్లిష్ కుటుంబాల్లోని 6 నుంచి 8 నెలల పసిపిల్లలు గుర్తించగలిగారు. 10 నుంచి 12 నెలల వయసు వచ్చేసరికి ఆ తేడా పట్టగలిగినవారు చాలా తగ్గిపోయారు. ఇంట్లో వినిపించే భాషకు అవసరమైన తేడాలను మెదడు పదును పెట్టుకుంటుంది, మిగతావాటిని పక్కన పెడుతుంది.

సూరత్ పేరులోని తొలి అచ్చునే చూడండి. నేటి గుజరాతీ వాడుకలో 'ఉ', 'ఊ' మధ్య నిడివి తేడా అర్థాన్ని మార్చదు. ఆ తేడా రాతలోనే మిగిలింది. తెలుగులో 'పడు' వేరు, 'పాడు' వేరు. అందుకే గుజరాతీ నోట వచ్చిన అచ్చును తెలుగు చెవి హ్రస్వమో దీర్ఘమో ఏదో ఒక గదిలో పెట్టాల్సిందే. హిందీ రూపం కూడా తోడై తెలుగు రాతలో 'సూరత్' స్థిరపడింది.

లేని 'ఉ' ఎందుకు వినిపిస్తుంది?

బస్ తెలుగులో బస్సు అయింది, రైల్ రైలు అయింది. తెలుగు పదాలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి కాబట్టి, హల్లుతో ఆగే పరాయి మాటకు నాలుక ఒక 'ఉ' చేరుస్తుంది. సూరత్ 'సూరతు' కావడం ఈ నియమం ప్రకారమే.

ఇది నాలుక అలవాటేనా, చెవి పని కూడానా? జపాన్ భాషలో ఈ ప్రశ్నకు జవాబు దొరికింది. ఇమాన్యుయెల్ డుపూ బృందం 1999లో జపాన్, ఫ్రాన్స్ శ్రోతలకు 'ఎబ్జో' వంటి అర్థంలేని పదాలు వినిపించింది. హల్లుల మధ్య అచ్చు ఏమీ లేకపోయినా జపనీయులు అక్కడ 'ఉ' విన్నట్టు చెప్పారు. తమ భాష అలాంటి హల్లుల జంటను ఒప్పుకోదు కాబట్టి, రికార్డింగులో లేని అచ్చును వారి మెదడే పూరించింది.

ఎవరికి ఏది కష్టం?

సూరత్ పేటల పేర్లు ఈ విషయాన్ని ఇంకా స్పష్టం చేస్తాయి. ఉధనా, వరాఛా పేర్లలో ఒత్తక్షరాలున్నాయి. తెలుగువారి వాడుకలో అవి 'ఉద్నా', 'వరాచా' అయిపోతాయి. ఖమ్మాన్ని 'కమ్మం' అనే నోటికి ఇది సహజమే. లీ లిస్కర్, ఆర్థర్ ఏబ్రమ్‌సన్ 1964లో 11 భాషల్లో హల్లులను కొలిచారు. నోటిలో అడ్డు తొలగిన క్షణం నుంచి స్వరతంత్రులు కంపించడం మొదలయ్యేదాకా పట్టే సమయం హిందీ 'క'లో సుమారు 20 మిల్లీసెకన్లు, 'ఖ'లో సుమారు 90 మిల్లీసెకన్లు. రెప్పపాటు కన్నా తక్కువైన ఈ వ్యవధిని హిందీ చెవి వదలదు. వాడుక తెలుగుకు దానితో పెద్దగా పని లేదు.

అలాగని తెలుగువారు అన్నిటా వెనుకబడరు. అడాజణ్ అనే పేటలో చివర 'ణ' ఉంది, భాగళ్ కూడలిలో 'ళ' ఉంది. ఈ రెండు ధ్వనులూ తెలుగు, మరాఠీ నోళ్లకు సులువు. ఉత్తరప్రదేశ్, బిహార్‌ల నుంచి వచ్చినవారి నోట అవి 'అడాజన్', 'భాగల్' అవుతాయి. అంటే ఒత్తును నిలిపే హిందీవారు 'ళ'ను జారవిడుస్తారు, 'ళ'ను నిలిపే తెలుగువారు ఒత్తును జారవిడుస్తారు.

'స' కరిగి 'హ' అయితే

ఇక స్థానికుల 'హురత్' సంగతి. 'స' పలకాలంటే నాలుక కొన పంటి చిగురు దగ్గర సన్నని సందు చేయాలి. ఆ సందులోంచి దూసుకొచ్చే గాలి పళ్లకు తగిలి సుడులు తిరుగుతుంది. ఆ శబ్దశక్తిలో ఎక్కువ భాగం 4,000 హెర్ట్జ్‌లకు పైన ఉంటుంది. నాలుక కాస్త సడలినా సందు వెడల్పై సుడులు పోతాయి, గొంతులోని ఊపిరి చప్పుడు మిగులుతుంది. అదే 'హ'.

ఈ సడలింపు చరిత్రలో చాలాచోట్ల జరిగింది. సంస్కృత 'సింధు' పారశీకుల నోట 'హిందు' అయింది. 'హ'ను వదిలేసిన అయోనియా గ్రీకుల నోట 'ఇందోస్' అయింది. దాని నుంచే ఇండియా వచ్చింది. ఈ రెండు మెట్లూ నేటి సూరత్‌లో పక్కపక్కనే వినవచ్చు: 'స'ను 'హ' చేసే సూరతీలు, హైదరాబాద్‌ను 'ఐదరాబాదు' అనే తెలుగువారు.

కొన్నిసార్లు పరాయి నోటి పలుకే పటాలకెక్కుతుంది. సూరత్ పక్కనున్న సువాలి తీరంలో 1612లో ఆంగ్లేయులు, పోర్చుగీసువారు తలపడ్డారు. ఇంగ్లిష్ చరిత్రలో అది 'స్వాలీ' యుద్ధం. అంతకు ఏడాది ముందే వారు దిగిన మచిలీపట్నం 'మసూలిపటం' అయింది. ఒకప్పటి భరుకచ్ఛం గ్రీకులకు 'బరిగాజా', ఆంగ్లేయులకు 'బ్రోచ్', ఈనాడు భరూచ్.

ఫోన్‌లో ఊరి పేరు

పేరు వినేది పొరుగువారైతే పలుకు తేడా నవ్వుతో పోతుంది. వినేది ఆపద సమయంలో ఫోన్ ఎత్తినవారైతే అంత తేలిక కాదు. 2005లో హైదరాబాద్‌లో మొదలైన 108 అంబులెన్స్ సేవ 2007లో గుజరాత్‌కు చేరింది. బాధితులు ఎక్కడున్నారో తెలిస్తేనే వాహనం కదులుతుంది. సంప్రదాయ టెలిఫోన్ లైను 300 నుంచి 3,400 హెర్ట్జ్‌ల మధ్య శబ్దాలనే మోస్తుంది. 'స'ను గుర్తుపట్టించే శక్తి చాలావరకు దానికి పైనే ఉంటుంది. యాస తేడాకు లైను కోత తోడైతే సచిన్, సూరత్ వంటి పేర్లే మసకబారతాయి.

యంత్రాలకూ ఈ ఇబ్బంది ఉంది. అమెరికాలో ఐదు పెద్ద సంస్థల వాక్ గుర్తింపు వ్యవస్థలను పరీక్షించి 2020లో ప్రచురించిన అధ్యయనంలో, శ్వేతజాతి వారి మాటల్లో సగటు పదదోషాలు 19 శాతం, నల్లజాతి వారి మాటల్లో 35 శాతం. యంత్రం ఏ గొంతులు విని పెరిగితే ఆ గొంతులనే బాగా పోల్చుకుంటుంది. పసిపిల్లల చెవికి, దీనికి ఇక్కడ పోలిక ఉంది. యంత్రానికి మాత్రం కొత్త గొంతులు వినిపించి ఎప్పుడైనా మళ్లీ నేర్పవచ్చు.

ఊరి పేరుకు ఒక ప్రామాణిక రాత అవసరమే. పటాలు, ఉత్తరాలు, భూమి పత్రాలు దాని మీదే నడుస్తాయి. భౌగోళిక నామాల ప్రామాణీకరణపై ఐక్యరాజ్యసమితి తొలి సమావేశం 1967లో జెనీవాలో జరిగింది. అయితే రాతను ఒకటి చేసినంత సులువుగా పలుకును ఒకటి చేయలేం. ఏ భాషవారి నోట ఏ ధ్వని ఎటు మారుతుందో తెలుసు కాబట్టి, ఒక్కో పేరు పక్కన దాని పలుకు రూపాలను కూడా నమోదు చేసుకోవచ్చు. అప్పుడు 'ఉద్నా' అన్నా 'ఉధనా' అన్నా అంబులెన్స్ ఒకే వీధికి వస్తుంది.